డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్ బాక్సు: లీటర్ల లెక్కతో ప్రాజెక్టు డైరీ

బేస్ కోసం వాడే సబ్‌వూఫర్ స్పీకరుకి కట్టిన బాక్సు పూర్తయి కారులోకి ఎక్కింది. పని జరుగుతున్నప్పుడు రాసుకున్న కొలతల్ని, మధ్యలో మార్చిన వాటిని వరసగా ఇక్కడ పెడుతున్నాను. ఇలాంటి బాక్సే కట్టాలనుకునేవాళ్లు అంకెల్ని నేరుగా దించుకోకండి. మీ స్పీకరు వేరు, మీ డిక్కీ వేరు. దించుకోవాల్సింది లెక్క వేసే పద్ధతినే.

కాగితం మీద 34 హెర్ట్జ్‌కి ట్యూన్ చేసిన బాక్సు, బిగించి కొలిస్తే 32.5 దగ్గర తేలింది (ట్యూనింగ్ అంటే బాక్సులోని గాలి, పోర్టు పైపులోని గాలి కలిసి సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ). ఆ ఒకటిన్నర హెర్ట్జ్ ఎక్కడ పోయిందో వెతకడానికే ఎక్కువ సమయం పట్టింది. అందుకే ప్రతి దశ చివరా లీటర్ల లెక్క రాస్తూ వచ్చాను.

దశ 1: చేతిలో ఉన్న సరుకు

స్పీకరు 12 అంగుళాలది, 4 ఓమ్‌లు, 400 వాట్ల ఆర్‌ఎమ్‌ఎస్ (ఆగకుండా తట్టుకోగల శక్తి). దానితో వచ్చిన కాగితంలో పనికొచ్చే అంకెలు ఇవి:

- ఎఫ్‌ఎస్ (స్పీకరు సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 28 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే మొత్తం అంకె) 0.42, క్యూఈఎస్ (అందులో విద్యుత్ వైపు భాగం) 0.46, వీఏఎస్ (స్పీకరు సాగే గుణానికి సమానమైన గాలి) 60 లీటర్లు
- బిగించే రంధ్రం వ్యాసం 27.8 సెం.మీ., బయటి అంచు 30.8 సెం.మీ., లోతు 14.2 సెం.మీ.
- స్పీకరు ఆక్రమించే చోటు 2.7 లీటర్లు

సీల్డ్ (పూర్తిగా మూసిన) బాక్సా, పోర్టు (గాలి పైపు) ఉన్న బాక్సా అన్నది ముందు తేల్చుకోవాలి. ఎఫ్‌ఎస్‌ని క్యూఈఎస్‌తో భాగిస్తే 61 వచ్చింది. ఈ అంకె 50 లోపుంటే సీల్డ్ వైపు, 100 దాటితే పోర్టు వైపు వెళ్లమంటారు. మధ్యలో ఉంటే మన ఇష్టం. సీల్డ్‌కి దాదాపు 33 లీటర్లు చాలు (క్యూటీసీ, అంటే బాక్సులో బిగించాక వచ్చే క్యూ అంకె, 0.707 దగ్గర), కట్టడమూ తేలిక, కొలతల్లో కాస్త అటూ ఇటూ అయినా చెవికి తెలియదు. పోర్టు బాక్సుకి 50 లీటర్ల దాకా కావాలి, లెక్క తప్పితే పాటలో వెంటనే బయటపడుతుంది. అదే ఆంప్‌తో (యాంప్లిఫయరుతో) 35–45 హెర్ట్జ్ మధ్య ఎక్కువ బేస్ వస్తుందని పోర్టే ఎంచుకున్నాను. మొదటిసారి కట్టేవాళ్లు అడిగితే మాత్రం సీల్డే కట్టమంటాను.

దశ 2: డిక్కీ కొలతలు

డిక్కీ ఎంత పెద్దదన్నది రెండో మాట. బాక్సు దాని నోట్లోంచి లోపలికి పడుతుందా అన్నది మొదటిది. లోపల ఎత్తు 50 సెం.మీ. ఉన్నా నోటి దగ్గర 41 మాత్రమే ఉంది. అందుకే బాక్సు ఎత్తు 38కి కుదించాను.

కొలిచిన వరస:

1. నోటి వెడల్పు, ఎత్తు. రబ్బరు బీడింగ్ లోపలి నుంచి కొలవాలి.
2. వెనక సీటు వీపు వాలు. ఫోన్‌లోని యాంగిల్ యాప్‌ని సీటుకి ఆనించి చూస్తే నిలువు నుంచి 22 డిగ్రీలు.
3. డిక్కీ మూత కీళ్ల చేతులు కిందికి దిగే దారి. మూత మూస్తే అవి లోపలికి ఎంత చొచ్చుకొస్తాయో బయటి నుంచి కనిపించదు.
4. స్టెప్నీ మీది పలక లేవడానికి కావాల్సిన చోటు.

మూడోది కొలవడానికి అట్టపెట్టెలు కోసి బాక్సు ఆకారంలో టేపు వేసి లోపల పెట్టి, మూత మెల్లగా మూశాను. కుడివైపు పైమూల నలిగింది. కీలు చేయి అక్కడ 6 సెం.మీ. లోపలికి వస్తోంది. దాంతో అనుకున్న వెడల్పు 60 సెం.మీ.కి దిగింది. వెడల్పు తగ్గడం ఒకందుకు మేలే అయింది, స్టెప్నీ పలక సగం వరకైనా లేస్తోంది.

తేలిన బయటి కొలతలు: వెడల్పు 60, ఎత్తు 38, అడుగున లోతు 42, పైన లోతు 26.6 సెం.మీ. వెనక పలక సీటుకి ఆనేలా 22 డిగ్రీల వాలు.

దశ 3: లీటర్ల లెక్క

వాడింది 18 మి.మీ. ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక). ప్లైవుడ్ తేలిక, తేమకి తట్టుకుంటుంది. కానీ లోపలి పొరల్లో ఖాళీలు ఉంటే అవి కోసేదాకా కనిపించవు. ఎమ్‌డీఎఫ్ అంతటా ఒకే గట్టిదనం. బరువు, కోసినప్పుడు లేచే ధూళి, నీళ్లు తగిలితే ఉబ్బే గుణం దానికున్న లోపాలు. ఆ ధూళి సన్నటి పిండిలా గొంతులోకి దిగుతుంది కాబట్టి మాస్కు లేకుండా రంపం ఆన్ చేయవద్దు.

వాలు పలక మందం అడ్డంగా కొలిస్తే 18 కాదు, 19.4 మి.మీ. వస్తుంది (1.8ని కాస్ 22తో భాగించాలి). చిన్న తేడానే, కానీ దాన్ని వదిలేస్తే పావు లీటరు పైనే తేడా వస్తుంది.

1. లోపలి వెడల్పు 56.4
2. లోపలి ఎత్తు 34.4
3. లోపలి సగటు లోతు 30.56
4. మూడూ గుణిస్తే 59.3 లీటర్లు

ముందు పలక ఒక్క పొర అనుకున్నాను. స్పీకరు రంధ్రం కోశాక ఆ పలకని రెండు బల్లల మీద ఆనించి మధ్యలో బొటనవేలితో నొక్కితే వంగడం కంటికే కనిపించింది. 38 సెం.మీ. ఎత్తున్న పలకలో 27.8 సెం.మీ. రంధ్రం పోతే మిగిలేది పైనా కిందా బెత్తెడేసి కూడా కాదు. ఆ వంగే పలకకే ఏడు కిలోల స్పీకరు వేలాడాలి. అందుకని లోపలివైపు ఇంకో పొర అతికించాను. బయట అతికిస్తే డిక్కీ కొలత మారిపోతుంది.

రెండో పొరకి 3.5 లీటర్లు పోయింది. లోపల ఒక కిటికీ బ్రేసు, అంటే నాలుగు గోడల్నీ పట్టుకునే, మధ్యలో కోసేసిన పలక. దానికి 0.8.

*ఇప్పటికి: 59.3 − 3.5 − 0.8 = 55.0 లీటర్లు.*

దశ 4: కోత

నిలువు కోతలు సర్క్యులర్ రంపంతో, తిన్నటి అల్యూమినియం పట్టీని క్లాంపులతో బిగించి దాని వెంబడి. వీటిలో చెప్పడానికేమీ లేదు. మూలమట్టం పెట్టి చూస్తే అన్నీ సరిగానే ఉన్నాయి.

చిక్కంతా 22 డిగ్రీల వాలు అంచుల దగ్గరే. పై పలక వెనక అంచు, అడుగు పలక వెనక అంచు ఏటవాలుగా కోయాలి. మొదటిది జిగ్‌సాతో కోశాను. జిగ్‌సా బ్లేడు ఒక చివరే పట్టు ఉన్న సన్నటి ముక్క కదా, 18 మి.మీ. చెక్కలో వాలుగా దిగేటప్పుడు కింది కొస పక్కకి వంగుతుంది. పైన గీత మీదే పోతున్నట్టు కనిపిస్తుంది. తిప్పి చూస్తే కింద అల తిరిగిన అంచు. పలకలు ఆనించి చూస్తే కొన్నిచోట్ల 3 మి.మీ. సందు.

మార్చిన పద్ధతి:

1. పలకని కావాల్సిన కొలత కన్నా 1 సెం.మీ. ఎక్కువ ఉంచి నిలువుగా కోయాలి.
2. సర్క్యులర్ రంపం బేస్‌ని 22 డిగ్రీలకి తిప్పి, పనికిరాని ముక్క మీద ఒకసారి కోసి కోణం కొలవాలి. రంపం మీది గీతల స్కేలు 22 చూపిస్తున్నా కోత 20.5 వచ్చింది. స్కేలుని నమ్మకండి.
3. పట్టీ వెంబడి ఒకే ఊపులో చివరిదాకా. మధ్యలో ఆపితే బ్లేడు మచ్చ పడుతుంది.

సందు ఒక మిల్లీమీటరు లోపుకి వచ్చింది. దాన్ని జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్ద నింపేస్తుంది.

స్పీకరు రంధ్రం రౌటరుకి (తిరిగే బిట్‌తో చెక్కని కోసే యంత్రం) వృత్తం జిగ్ తగిలించి కోశాను. రౌటరు లేకపోతే జిగ్‌సాతో అయినా పరవాలేదు. ఆ అంచు స్పీకరు చక్రం కింద దాక్కుంటుంది.

దశ 5: బిగింపు

ఎమ్‌డీఎఫ్ అంచులోకి స్క్రూ దింపడం ఒక పరీక్ష. పక్కలు గట్టిగా ఉంటాయి కానీ అంచు పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. 4 మి.మీ. స్క్రూకి 2.5 మి.మీ. ముందు రంధ్రం వేస్తే ఎడమ పక్క పలక అంచు ఉబ్బి చీలింది. చీలికలోకి సన్నటి జిగురు సిరంజితో ఎక్కించి, రెండు చెక్క ముక్కల మధ్య క్లాంపు వేసి ఆరబెట్టాను. గట్టిగానే నిలిచింది.

ఆ తర్వాత పాటించిన కొలతలు:

1. 4 × 50 మి.మీ. స్క్రూకి 3 మి.మీ. రంధ్రం, స్క్రూ పొడవంతా.
2. మూల నుంచి కనీసం 5 సెం.మీ. లోపలికి మొదటి స్క్రూ.
3. స్క్రూల మధ్య 12–15 సెం.మీ.
4. తల కూర్చోవడానికి కౌంటర్‌సింక్ చేయాలి. లేకపోతే తలే పలకని చీలుస్తుంది.
5. డ్రిల్ క్లచ్ తక్కువలో పెట్టి, చివరి రెండు చుట్లు చేత్తో.

స్క్రూలు జిగురు ఆరేదాకా పట్టుకోవడానికే. పట్టంతా జిగురుదే. ఎమ్‌డీఎఫ్ అంచు జిగురుని పీల్చేసుకుంటుంది కాబట్టి అంచుకి ఒక పూత రాసి, ఐదు నిమిషాలు ఆగి, ఇంకో పూత రాసి అప్పుడు జోడించాలి. ఒకే పూతతో ముందు అతికించి చూసిన రెండు తుక్కు ముక్కల్ని చేత్తో విరిస్తే అతుకు దగ్గరే ఊడొచ్చాయి. రెండు పూతలతో విరిస్తే చెక్క చిరిగింది, అతుకు కదల్లేదు.

బ్రేసు ఎక్కడ పెట్టాలన్నదీ ఇక్కడే తేలింది. పటంలో సరిగ్గా మధ్యలో గీశాను. కానీ స్పీకరు అయస్కాంతం వచ్చేదీ అక్కడికే. స్పీకరుని ఎడమకి జరిపి, బ్రేసుని ఎడమ గోడ నుంచి 38 సెం.మీ. దూరాన పెట్టాను. బ్రేసు కింది వెనక మూలలో పోర్టు పైపు దూరడానికి గుండ్రటి కంత కోశాను, పైపుకి అదే ఆసరా.

లోపలి అన్ని అతుకుల వెంబడి చెక్క జిగురు పూసి వేలితో లాగాను. మూత పడకముందే చేయాల్సిన పని ఇది.

*ఇప్పటికి: 55.0 లీటర్లు. ఖాళీ బాక్సు బరువు 17 కిలోలు.*

దశ 6: పోర్టు పైపు

110 మి.మీ. పీవీసీ పైపు వాడాను. 110 అన్నది బయటి కొలత. లోపలి వ్యాసం గోడ మందాన్ని బట్టి మారుతుంది. నాకు దొరికిన దానికి 104 మి.మీ. లెక్కలోకి వచ్చేది లోపలిదే.

పైపు పొడవు సూత్రం (సెంటీమీటర్లు, లీటర్లు, హెర్ట్జ్‌లలో):

పొడవు = 23562.5 × వ్యాసం వర్గం ÷ (ట్యూనింగ్ వర్గం × లీటర్లు) − 0.732 × వ్యాసం

చివర తీసేసే ఆ 0.732 ఎందుకంటే, పైపు రెండు కొసల దగ్గరా కొంత గాలి పైపులో భాగంలాగే ఊగుతుంది. పైపు చేతికి తగిలే దానికన్నా పొడవుగా ప్రవర్తిస్తుంది.

పైపు 36 సెం.మీ. పైనే రావాలి, బాక్సు లోతు చాలదు. కాబట్టి కుడి పక్క పలక నుంచి అడ్డంగా, అడుగున వెనక మూల వెంబడి పోనిచ్చాను. డిక్కీ గోడకీ పైపు నోటికీ మధ్య కనీసం ఒక పైపు వ్యాసమంత ఖాళీ ఉండాలి, నాకు 20 సెం.మీ. ఉంది. లోపలి కొసకీ ఎదుటి గోడకీ మధ్యా అంతే.

పక్క పలక 18 మి.మీ. మందమే కాబట్టి, పైపుకి పట్టు కోసం లోపల ఒక ఎమ్‌డీఎఫ్ రింగు అతికించాను (0.2 లీటర్లు). బయటి అంచుని రౌటరుతో 12 మి.మీ. గుండ్రంగా తిప్పాను. పైపు ఆ గుండ్రం అయిపోయిన చోట మొదలవుతుంది. అక్కడ పైపు గోడ మందమంత, 3 మి.మీ. మెట్టు మిగిలింది. లప్పం పెట్టి, ఆరాక ఉప్పుకాగితాన్ని వేలికి చుట్టి రుద్దితే మెట్టు చేతికి తగలకుండా పోయింది.

లెక్క: 55.0 − 0.2 (రింగు) − 3.4 (పైపు) − 2.7 (స్పీకరు) = 48.7. ఈ 48.7 లీటర్లకి 34 హెర్ట్జ్ రావాలంటే పైపు 37.5 సెం.మీ. (బయటి ముఖం నుంచి లోపలి కొస దాకా).

*ఇప్పటికి, కాగితం మీద: 48.7 లీటర్లు, 34 హెర్ట్జ్.*

పైపుని అంటించలేదు. చుట్టూ మెత్తటి బంకమట్టి నొక్కి గాలి ఆపాను. కొలిచేదాకా అంటించకండి.

దశ 7: గాలి లీకు

పోర్టు నోరు అరచేత్తో మూసి, స్పీకరు కోన్‌ని (ముందు కదిలే గరాటు) రెండు చేతుల వేళ్లతో మధ్యకి దగ్గరగా సమంగా నొక్కి వదలాలి. బాక్సు బిగుతుగా ఉంటే మెల్లగా తిరిగొస్తుంది. నాది ఠక్కున వచ్చేసింది.

చెవి పెట్టి వింటే ఎక్కడో బుస్సుమంటోంది గానీ చోటు తేలలేదు. 30 హెర్ట్జ్ టోన్ తక్కువ శబ్దంలో పెట్టి, సన్నటి టిష్యూ కాగితపు పీలికని అతుకుల వెంబడి తిప్పాను. అన్ని అతుకుల దగ్గరా కదలకుండా ఉంది. వెనకాల స్పీకరు వైరు తగిలించే ప్లాస్టిక్ టెర్మినల్ కప్ దగ్గర మాత్రం రెపరెపలాడింది. కప్‌కీ చెక్కకీ మధ్య కాదు, మీటల కింది సందుల్లోంచే గాలి వస్తోంది. సిలికాన్ పూస్తే మీటలు పట్టేశాయి.

కప్ తీసేసి, ఆ కంతని 18 మి.మీ. ముక్కతో మూసి, రెండు 6 మి.మీ. ఇత్తడి బోల్టులు బిగించాను. లోపలా బయటా వాషరు, నట్టు, చుట్టూ సిలికాన్. చూపుకి ముతకగా ఉంటుంది కానీ గాలి పోదు, వైరు గట్టిగా పట్టుకుంటుంది. స్పీకరు చక్రం కింద ఫోమ్ గాస్కెట్ టేపు, పలక వెనక టీ-నట్లు (చెక్కలో దిగి పట్టుకునే నట్లు). స్పీకరు విప్పి బిగించే పని చాలాసార్లు పడుతుంది కాబట్టి చెక్క స్క్రూలు వద్దు, వాటి గాళ్లు అరిగిపోతాయి.

సిలికాన్ విషయంలో ఒక జాగ్రత్త: పుల్లటి వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, రాగి, ఇత్తడి మీద పచ్చటి చిలుము పట్టిస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకం వాడండి. పూర్తిగా ఆరాకే స్పీకరు పెట్టండి.

దశ 8: ట్యూనింగ్ కొలవడం

ఎక్కువమంది వదిలేసే పని ఇదే. కావాల్సింది 10 ఓమ్, 10 వాట్ల రెసిస్టరు, మల్టీమీటరు, ఫోన్‌లో టోన్ యాప్.

1. ఆంప్ నుంచి రెసిస్టరు, దాని తర్వాత స్పీకరు వరసగా కలపాలి.
2. శబ్దం బాగా తగ్గించాలి. స్పీకరు మీద ఒక వోల్టు లోపే చాలు.
3. లో-పాస్ (పై ఫ్రీక్వెన్సీలని ఆపేది), సబ్‌సోనిక్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలని ఆపేది) ఫిల్టర్లు రెండూ ఆపేయాలి.
4. ఒక్కో టోన్‌కి రెసిస్టరు మీది వోల్టేజి, స్పీకరు మీది వోల్టేజి రాసుకోవాలి.
5. స్పీకరు వోల్టేజిని రెసిస్టరు వోల్టేజితో భాగించి 10తో గుణిస్తే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఓమ్‌లు.

పోర్టు బాక్సులో ఓమ్‌ల గీత రెండు శిఖరాలు, వాటి మధ్య ఒక లోయగా వస్తుంది. లోయ అడుగే ట్యూనింగ్. నాకు వచ్చినవి:

- 49 హెర్ట్జ్: 31 ఓమ్‌లు (పై శిఖరం)
- 45: 15
- 40: 6.4
- 36: 4.3
- 34: 4.0
- 33: 3.9
- 32: 3.9
- 30: 4.1
- 28: 4.5
- 25: 6.2

34 దగ్గర ఉండాల్సిన లోయ 32.5 దగ్గరుంది. లోయ అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి మీటరుని నమ్మాలా అన్న అనుమానం వచ్చింది. ఇంకో దారిలో సరిచూశాను. ట్యూనింగ్ దగ్గర పనంతా పోర్టుదే, కోన్ దాదాపు కదలదు. శబ్దం కాస్త పెంచి, కోన్ మీద పక్క నుంచి టార్చి వేసి, టోన్‌ని అర హెర్ట్జ్ చొప్పున జరిపితే కోన్ అంచు మసక తగ్గి స్పష్టంగా కనిపించింది 32.5 దగ్గరే.

కారణాలు వెతికితే రెండు దొరికాయి.

ఒకటి, లెక్కలో లేని లీటర్లు. స్పీకరు ఆక్రమించే 2.7 లీటర్లని చక్రం వెనక నుంచి కొలుస్తారు. అంటే ముందు పలకలో కోసేసిన రంధ్రం కూడా బాక్సు గాలిలో భాగమే. రెండు పొరలు కలిసి 3.6 సెం.మీ. మందం, 27.8 వ్యాసం: 2.2 లీటర్లు. ఒక్క పొర పలకకి ఇది దాదాపు లీటరే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రెండు పొరలైతే పట్టించుకోవాలి. 48.7 కాస్తా 50.9 అయింది. దీనితోనే ట్యూనింగ్ 33.3కి దిగుతుంది.

రెండు, పైపు ఉన్న చోటు. లోపలి కొస అడుగు పలకకీ వాలు పలకకీ ఆనుకుని మూలలో ఉంది. 0.732 అన్నది కొస చుట్టూ ఖాళీ ఉన్న పైపుకి. మూలలో ఉంటే ఊగే గాలికి రెండు వైపులా గోడ తగిలి, పైపు ఇంకా పొడవుగా ప్రవర్తిస్తుంది. వెనక్కి లెక్కేస్తే ఆ అదనం 2.3 సెం.మీ. తేలింది. మిగతా 0.8 హెర్ట్జ్‌కి అదే జవాబు.

లెక్క ప్రకారం 4.4 సెం.మీ. తీయాలి. రెండు విడతల్లో 4.5 తీశాను, ముందు 3, కొలిచి చూసి ఇంకో 1.5. కోసిన పైపు మళ్లీ పెరగదు.

*ఇప్పటికి, కొలిచి: 51.3 లీటర్లు, పైపు 33 సెం.మీ., ట్యూనింగ్ 34 హెర్ట్జ్.*

దశ 9: పోర్టు ఊదుతోంది

శబ్దం పెంచి 35 హెర్ట్జ్ టోన్ పెడితే పైపు లోపలి నుంచి ఫఫ్ ఫఫ్ అని గాలి చప్పుడు. పైపులో గాలి వేగం సెకనుకి 17 మీటర్లు దాటితే ఇది మొదలవుతుందని ఒక మోటు లెక్క. 400 వాట్లకి నా పైపులో 25 దాటుతోంది. పైపు చిన్నదని ఒప్పుకోవాల్సిందే.

పెద్ద పైపు వేద్దామంటే పొడవు అడ్డొస్తుంది. 15 సెం.మీ. వ్యాసం పైపుకి ఇదే ట్యూనింగ్ రావాలంటే దాదాపు 80 సెం.మీ. పొడవు కావాలి. అదే 104 మి.మీ. పైపులు రెండు వేసినా ఒక్కొక్కటీ అంతే. 60 సెం.మీ. బాక్సులో ఇమడవు, ఇమిడినా లీటర్లు మింగేస్తాయి. చిన్న బాక్సు, తక్కువ ట్యూనింగ్, పెద్ద పోర్టు: ఈ మూడిట్లో రెండే దక్కుతాయి.

మిగిలింది లోపలి కొసని గంటలా విప్పడం. హాట్ ఎయిర్ గన్‌తో పైపు కొసని తిప్పుతూ వేడి చేయాలి. పీవీసీ ముందు మెరుపు తగ్గి, తర్వాత అంచు నెమ్మదిగా లోపలికి వాలుతుంది. అప్పుడు గుండ్రటి అడుగున్న స్టీలు గిన్నెని బోర్లించి, దాని మీద పైపుని నిలువుగా నొక్కి, తడి గుడ్డతో చల్లారేదాకా పట్టుకోవాలి. ఒకవైపు ఎక్కువ వేడెక్కితే గంట వంకరపోతుంది. మళ్లీ వేడి చేస్తే పైపు తన పాత ఆకారానికి చాలావరకు వచ్చేస్తుంది కాబట్టి ఇంకోసారి ప్రయత్నించవచ్చు. గోధుమ రంగు వచ్చిందంటే మాడుతోందని అర్థం, ఆ పొగ మంచిది కాదు. ఈ పని ఆరుబయటే.

గంట కొస 13 సెం.మీ. అయింది, 11 సెం.మీ. కంతలోంచి పట్టదు. స్పీకరు రంధ్రంలోంచి పైపుని ఏటవాలుగా దింపి, బ్రేసు కంతలోంచి కుడికి తోసి, రింగులో కూర్చోబెట్టాను. ఈసారి ఎపాక్సీతో.

గంటలా విప్పిన భాగం పైపు పొడవులో పూర్తిగా లెక్కకి రాదు. మళ్లీ కొలిస్తే 34.5 హెర్ట్జ్. అలాగే వదిలేశాను. టోన్ పెడితే చప్పుడు ఇప్పటికీ ఉంది కానీ ఇంకా ఎక్కువ శబ్దం దగ్గరే మొదలవుతుంది. పాటల్లో, సీట్లో కూర్చుని వింటే తెలియడం లేదు.

*ఇప్పటికి: 51.3 లీటర్లు, 34.5 హెర్ట్జ్. స్పీకరుతో, కార్పెట్‌తో బరువు 26 కిలోలు.*

దశ 10: కరెంటు, ఆంప్ సెట్టింగు

ఆంప్ 500 వాట్ల డీ క్లాసు (కరెంటు తక్కువ వృథా చేసే రకం). ఎనభై శాతం సామర్థ్యం అనుకుంటే 13.8 వోల్టుల దగ్గర దాదాపు 45 ఆంపియర్లు లాగుతుంది. 21 చ.మి.మీ. రాగి కేబుల్, బ్యాటరీ నుంచి 45 సెం.మీ. లోపే 60 ఆంపియర్ల ఫ్యూజు. ఆ ఫ్యూజు ఆంప్ కోసం కాదు. కేబుల్ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే కారు కాలిపోకుండా ఉండటానికి. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ అదే మందంలో వస్తుంది, దాని నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు. కొనేముందు కొస గీరి చూడండి, లోపల తెల్లగా ఉంటే వద్దు.

ఎర్త్ పాయింటు దగ్గర పెయింటు గీకి, మెరిసే ఇనుము మీదే బిగించాలి.

గెయిన్ అంటే శబ్దం పెంచే మీట కాదు, స్టీరియో సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది. పెట్టిన తీరు:

1. స్పీకరు వైరు తీసేయాలి.
2. స్టీరియోలో బేస్, లౌడ్‌నెస్ అన్నీ సున్నా, శబ్దం మూడొంతులు.
3. 50 హెర్ట్జ్ టోన్ పెట్టి ఆంప్ అవుట్‌పుట్ మీద ఏసీ వోల్టులు చూడాలి.
4. 400 వాట్లని 4 ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే 40 వోల్టులు. అక్కడ ఆపాలి.

సబ్‌సోనిక్ ఫిల్టరు 28 హెర్ట్జ్ దగ్గర, లో-పాస్ 80 దగ్గర. పోర్టు బాక్సులో సబ్‌సోనిక్ తప్పనిసరి. ట్యూనింగ్ కన్నా కిందికి దిగితే బాక్సులోని గాలి కోన్‌ని ఆపదు, వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) అయస్కాంతం గ్యాప్‌లోంచి బయటికి దూకుతుంది.

దశ 11: కారు గిలక్కాయ

బాక్సు ముగించాక మొదలైన పని ఇది, సరదా ఏమాత్రం లేనిదీ ఇదే. 25 నుంచి 80 హెర్ట్జ్ వరకు టోన్‌ని మెల్లగా జరుపుతూ ఒకరు కారు చుట్టూ తిరగాలి, ఒకరు లోపల యాప్ పట్టుకోవాలి. ప్రతి రేకుకీ తనదైన ఫ్రీక్వెన్సీ ఉంటుంది. అక్కడ మోగి, అది దాటగానే మౌనం.

- 42 హెర్ట్జ్: నంబరు ప్లేటు. వెనక ఫోమ్ టేపు.
- 47: డిక్కీ మూత లోపలి రేకు. బ్యూటైల్ షీటు (రేకు మోత ఆపే రబ్బరు షీటు).
- 55: వెనక అద్దం కింది పార్సిల్ షెల్ఫ్. క్లిప్పుల చుట్టూ ఫెల్ట్.
- 61: జాకీ, పానాలు. గుడ్డ సంచిలో కట్టేశాను.
- 68: మడిచిన సీటుబెల్టు బకిల్.

బ్యూటైల్ షీటుని రేకంతా అంటించాల్సిన పని లేదు. పెద్ద చదును భాగాల మధ్యలో మూడో వంతు కప్పితే మోత పోయింది. రోలరుతో షీటు మీది గళ్లు చదునయ్యేదాకా నొక్కాలి, దాని కింద గాలి మిగిలితే అంటించినట్టు కాదు.

47 దగ్గర మూత షీటు వేసినా కొంచెం మోగింది. తాళం పట్టే కొక్కెం వదులుగా ఉంది. దాన్ని మూత రబ్బరు మీద ఇంకాస్త బిగుతుగా కూర్చునేలా ఒక మిల్లీమీటరు కిందికి దింపితే ఆగింది. షీటు కన్నా ముందే అది చూడాల్సిన చోటు.

బాక్సు ముఖం ఎటు ఉండాలన్నదీ ఇక్కడే చూశాను. డ్రైవరు సీటు దగ్గర ఫోన్ మీటరుతో (ఫోన్ మైకుకి కింది ఫ్రీక్వెన్సీలు సరిగ్గా అందవు, పోల్చడానికి మాత్రం చాలు) స్పీకరు డిక్కీ మూత వైపు ఉన్నప్పుడు 40 హెర్ట్జ్ దగ్గర సీటు వైపు తిప్పిన దానికన్నా 4 డెసిబెల్స్ ఎక్కువ. వెనక సీటు మధ్య ఆర్మ్‌రెస్టు దించితే ఇంకో 3. సీటు ఫోమ్ కన్నా దాని వెనక అట్టే బేస్‌కి ఎక్కువ అడ్డం.

దశ 12: కట్టివేత

26 కిలోల పెట్టె డిక్కీలో వదులుగా ఉండకూడదు. గట్టిగా బ్రేకు కొడితే అది సీటు వీపుని గుద్దుతుంది. వెనక సీటు పట్టుకునే బోల్టుల దగ్గర రెండు ఉక్కు కొక్కేలు ఉన్నాయి. వాటికి రాచెట్ బెల్టు వేసి బాక్సు మీదుగా బిగించాను. బాక్సు అడుగున నాలుగు రబ్బరు పాదాలు. ముందు రెండూ డిక్కీ అట్ట మీద కాక దాని కింది ఇనుప అడ్డపట్టీ మీదికి వచ్చేలా జరిపాను. అట్ట మీదే నిలబెడితే కొన్నాళ్లకి నడుం వంగుతుంది.

స్పీకరు వైరుకి మధ్యలో పెద్ద రెండు పిన్నుల ప్లగ్ పెట్టాను. టైరు పంక్చరైతే బెల్టు వదిలించి, ప్లగ్ లాగి, బాక్సు దించాలి. సగం లేచే పలక కింద నుంచి జాకీ వస్తుంది, పానాలు వస్తాయి, చక్రం మాత్రం బాక్సు దింపకుండా రాదు.

గతుకుల రోడ్డు మీద కొంత తిరిగాక స్పీకరు బోల్టులన్నీ ఒకసారి బిగించాను. ఎనిమిదిలో మూడు పావు చుట్టు తిరిగాయి. ఫోమ్ గాస్కెట్ అణగడం వల్ల అలా అవుతుంది. మళ్లీ ఒకసారి అరచేత్తో పోర్టు మూసి కోన్ నొక్కి చూశాను. మెల్లగానే వచ్చింది.